నిమ్‌పురాకి అందని సిగ్నల్

ముసలాయన మూడోసారి వచ్చేసరికి కామేశానికి ఒళ్లు మండింది.

అది 1998 మే నెల. బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర 'ప్రతిధ్వని సెల్యులర్' కొత్త ఆఫీసు తెరిచింది. ఇంకో నాలుగు రోజుల్లో చైర్మన్ వరాహనరసింహం కలకత్తా నుంచి వచ్చి, నిమ్‌పురా రైల్వే యార్డు దగ్గర వేసే షామియానాలో నిలబడి, కంపెనీ తరఫున ఊళ్లో మొదటి సెల్‌ఫోన్ కాల్ చేయాలి.

ఆఫీసు మేనేజరు కామేశం అక్కడి తెలుగు రైల్వే కుటుంబాల కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగాడు. తండ్రి రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశాడు. షెడ్డుల్లో, యార్డుల్లో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లంటే ఆ ఇంట్లో అందరికీ చులకనే.

ప్రారంభోత్సవానికి కంపెనీ చరిత్రని చిన్న పుస్తకంగా వేసే పని కూడా హెడ్డాఫీసు అతనికే అప్పగించింది. 1987లో టెలిఫోన్లు బాగుచేసే ఒంటిగది కొట్టు. తర్వాత పేజర్లు. ఆపైన సెల్‌ఫోన్ లైసెన్సు. చైర్మన్ కూడా న్యూ సెటిల్‌మెంట్ మనిషే కాబట్టి, కామేశం ఆయన్ని ఆకాశానికెత్తుతూ పదహారు పేజీలు నింపాడు.

అన్నీ కుదిరాయి. సిగ్నల్ మాత్రం నిమ్‌పురాకి సరిగ్గా అందడం లేదు. యార్డు దగ్గర నిలబడి మాట్లాడితే మాట సగంలో తెగిపోతోంది. ఇంజనీరు విల్‌ఫ్రెడ్ రెండు రోజులుగా ఆఫీసు మేడ మీది టవరు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు.

కంపెనీ వాళ్లు ఫోను పట్టుకుని యార్డు దగ్గర అరుస్తుంటే ముసలాయన చూశాడట. ఒక్కసారి మేడ ఎక్కనివ్వమని అడగడానికి వచ్చాడు. మాసిన ఖాకీ చొక్కా, అరిగిపోయిన చెప్పులు. పేరు నూకయ్య అన్నాడు.

మొదటిసారి కామేశం నవ్వి పంపేశాడు. రెండోసారి కాపలా ఎర్రయ్య చేత బయటికి నడిపించాడు. మూడోసారి తనే కుర్చీలోంచి లేచాడు.

"రైల్వేలో ఏం చేసేవాడివి?"

"టెలిఫోను ఖలాసీని బాబూ. తీగలు లాగినాను, స్తంబాలెక్కినాను."

"స్తంభాలెక్కినవాడివి మా ఇంజనీరుకి పాఠం చెప్తావా? ఇందులో తీగలే ఉండవు. అదైనా తెలుసా నీకు?"

"తెలుసు బాబూ. మీ యాంటెన్నా ఆ రేకుల సెడ్డుకేసి సూస్తంది. రేకు తగిలి మాట ఇరిగిపోతంది. కుంచెం దచ్చినానికి తిప్పితే సాలు."

 కామేశం కళ్లు ముసలాయన చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు మీద పడ్డాయి. కస్టమర్ల గ్లాసు వీడికెందుకిచ్చావని ఎర్రయ్యని అందరి ముందూ తిట్టాడు.

నూకయ్య గ్లాసు కడిగి, బల్ల మీద బోర్లించి, ఎండలోకి వెళ్లిపోయాడు.

మెట్ల మీద నుంచి విల్‌ఫ్రెడ్ అంతా విన్నాడు. కామేశం భోజనానికి వెళ్లగానే పరుగున వెళ్లి, వీధి మలుపులో ముసలాయన్ని మర్యాదగా "దాదా" అని పిలిచి ఆపాడు. మేడ మీదికి తీసుకొచ్చాడు.

నూకయ్య కింద నిలబడి చేత్తో చూపించాడు. విల్‌ఫ్రెడ్ టవరెక్కి తిప్పాడు. పావుగంట కూడా పట్టలేదు. యార్డు దగ్గర నిలబడ్డ మనిషి గొంతు ఫోనులో ఖంగున వినిపించింది.

ముసలాయన కళ్లకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని టవరుని చాలాసేపు చూశాడు.

"పెద్ద పనే సేసినాడు," అన్నాడు.

ఎవరి గురించన్నాడో విల్‌ఫ్రెడ్‌కి తెలియలేదు. ప్రారంభోత్సవానికి రమ్మని పిలిచాడు. నూకయ్య తల అడ్డంగా ఊపాడు. భార్య జోగమ్మ పోయి నెలయింది. గది ఖాళీ చేసి, మర్నాడు పొద్దుటి బండికి వెళ్లిపోతున్నానన్నాడు.

కామేశం భోజనం చేసి వచ్చి సంగతి విన్నాడు. ఆ సాయంత్రమే పుస్తకం చివరి పేజీలో ఒక వాక్యం చేర్చాడు: సిగ్నల్ లోపాన్ని మేనేజరు స్వయంగా సరిచేశారు.

ప్రారంభోత్సవం రోజు చైర్మన్ యార్డు దగ్గర నుంచి కలకత్తాకి మాట్లాడాడు. ఎక్కడా తెగలేదు. చప్పట్లు కొట్టారు. ఆయన పుస్తకం తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగి, లోపం ఎలా సరిచేశావని కామేశాన్ని అడిగాడు.

రేకుల షెడ్డు అడ్డొస్తోందని గమనించి యాంటెన్నాని దక్షిణానికి తిప్పించానని కామేశం చెప్పాడు.

"ఎంత తిప్పించావు?"

కామేశం విల్‌ఫ్రెడ్ వైపు చూశాడు. అప్పుడు విల్‌ఫ్రెడ్ ముందుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముసలాయన పేరూ చెప్పాడు.

ఆ పేరు వినగానే చైర్మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నూకయ్యని వెంటనే పిలుచుకు రమ్మన్నాడు. ఎర్రయ్య సైకిలు మీద వెళ్లి అరగంటలో ఒక్కడే తిరిగొచ్చాడు. ముసలాయన మూడు రోజుల కిందటే బండెక్కాడు. ఏ ఊరు వెళ్లాడో పక్కింటి సింహాచలమ్మకి కూడా తెలియదు.

"పోనీండి సార్," అన్నాడు కామేశం. "ఒక ఖలాసీ కోసం ఇంత కంగారెందుకు?"

చైర్మన్ పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు.

"ఎనభై ఏడులో కంపెనీ రిజిస్టరు చేయాలంటే ఇద్దరుండాలి, నా సంతకం పక్కన ఇంకో సంతకం కావాలన్నారు. న్యూ సెటిల్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగాను. చదువుకున్న వాళ్లందరూ నవ్వారు. మీ నాన్నగారు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. చివరికి ఒక్కడు సంతకం పెట్టాడు. కలకత్తా వెళ్లాక ఆ మనిషిని చూడటానికి నేనూ ఒక్కసారి రాలేదు."

అంతవరకూ చెప్పి ఆయన లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, మెల్లగా అన్నాడు:

"నాతోపాటు ఈ కంపెనీ పెట్టింది నూకయ్యే."