ఖాదర్ వలి నాలుక

కొత్త చుట్టల పెట్టె ఒళ్లో పెట్టుకుని శేషప్ప ఖాదర్ వలి ఇంటి వసారాలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆదోనిలో చుట్టల అంగడి ఆయనది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఈ కొత్త చుట్ట చేయించాడు. అయితే ఖాదర్ వలి కాల్చి 'భేష్' అననిదే ఇటు ఆదోనిలో గానీ అటు ఎమ్మిగనూరులో గానీ ఏ అంగడివాడూ కొత్త చుట్టను గడప తొక్కనివ్వడు. ఆయన నాలుక మీద అంత గురి.

ఆ ఖాదర్ వలే ఈవేళ అడ్డంగా తలూపాడు.

"ఈ పొద్దు వద్దు శేషప్పా. ఇంట్లో వహీదాకు పానం బాగలేదు. నోట్లో పుండు. కర్నూలు పెద్దాసుపత్రిలో గూడా లాభం లేదనిరి."

శేషప్ప నిజంగానే బాధపడుతూ పెట్టె పక్కన పెట్టాడు.

"వక్కాకు గూడా నమలని వదినకు అదేం రోగమన్నా? ఇన్నేండ్లు చుట్టలు కాల్చిన నీ పండ్లేమో తెల్లగా మెరుస్తాండాయి. దేవుడికి కండ్లు లేవు."

ఖాదర్ వలి తల దించుకున్నాడు.

బాధ బాధే, బేరం బేరమే.

"ఎమ్మిగనూరు అంగళ్లోళ్లు సాయంత్రానికి వస్తాండారు. ఒక్క దమ్మన్నా! నువ్వు మాట సెప్పకుంటే నా బతుకు బూడిదే." శేషప్ప కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

పరదా వెనక గాజులు గలగలమన్నాయి. వహీదా బీ మొగుణ్ణి పిలిచే తీరు అది. చుట్టలు చుట్టే ఇంటి నుంచి కోడలుగా వచ్చిన మనిషి. వచ్చిన నాటి నుంచి పరాయి మగవాడి కంటపడింది లేదు.

ఖాదర్ వలి ఒక చుట్ట తీసుకుని లోపలికి పోయాడు. ఆయన పద్ధతే అంత. నలుగురిలో కూర్చుని ఎన్నడూ కాల్చడు. మాటల మధ్య రుచి తెలియదంటాడు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. కాసేపటికి పరదా మీదుగా పొగ వచ్చింది. ఆ వెనకే ఆడమనిషి దగ్గు. ఎంతకీ తెగని దగ్గు. జబ్బుమనిషి పక్కన చుట్ట కాల్పించినందుకు శేషప్ప తనను తానే తిట్టుకున్నాడు. అయినా లేచి పోలేదు.

ఖాదర్ వలి బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆకు బాగా మాగింది. బెల్లం నీళ్లు రవ్వంత ఎక్కువ. గొంతులో గీరదు. ఖాదర్ వలి భేష్ అన్నాడని సెప్పుకోపో."

శేషప్పకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే వ్యాపారి బుద్ధీ లేచింది.

"కొసకంటా కాల్చినావా అన్నా? కొసలో చేదెక్కితే పెట్టెలు తిరగ్గొడతారు."

"ఇంకా కాల్తాంది" అన్నాడు ఖాదర్ వలి. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

వీధిలోంచి గాలి విసురుగా కొట్టింది. పరదా లేచింది.

లోపల నులకమంచం మీద వహీదా బీ, వాచిన దవడను ఒక చేత్తో అదిమిపట్టుకుని, ఇన్నేళ్లూ ఆదోని చుట్టలన్నిటికీ రుచి చెప్పిన నోటితోనే, మిగిలిన చుట్టను కొసకంటా పీలుస్తోంది.