పెద్దావిడ ప్రశ్నాపత్రం

"ముందు నువ్వు చెప్పు. తర్వాత నేను చెబుతా," అంది పెద్దావిడ, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని బల్ల మీద పక్కకు తోసేసి.

శాస్త్రవేత్త పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. "బామ్మగారూ, పరిశోధన మీ మీదండీ. నా మీద కాదు."

"మా ఇంటికొచ్చి నా గుట్టంతా అడుగుతావు. నేనో నాలుగు ముక్కలు అడిగితే తప్పొచ్చిందా?"

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జబ్బులు ఎందుకొస్తాయో వెతికేవాళ్లు లోకంలో కొల్లలు. ఎందుకు రావో వెతికే కొద్దిమందిలో అతనొకడు. ఎనభై దాటినా గుండెజబ్బు, షుగరు, క్యాన్సరు గడప తొక్కని మనుషుల్ని పట్టుకుని, రక్తం తీసుకుని, ఆ అదృష్టంలో వంశానిదెంత, అలవాట్లదెంత అని తేల్చడం అతని పని. ల్యాబులో అందరూ 'వయసుల డాక్టరు' అని ఏడిపిస్తారు.

ఈవిడ, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు, నలుగురూ అలాంటి గట్టి పిండాలే. మిగతా ముగ్గురూ రక్తం ఇచ్చేశారు. ఎనభై ఎనిమిదేళ్ల ఈ పెద్దక్క మాత్రం ఫోనులో రెండుసార్లు ససేమిరా అంది. ఈవిడ ఒప్పుకోకపోతే ఆ కుటుంబం మొత్తాన్ని లెక్కలోంచి తీసేయాల్సిందే. రెండేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. రక్తం సేకరణకు ఇవాళే ఆఖరు.

పట్టు వదలకుండా నేరుగా ఇంటికే వెళ్లమన్నది తాతయ్య. ఉదయం నడకలో ఎవరినో అడిగి చిరునామా సంపాదించిందీ ఆయనే. చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపాడు.

"సరే, అడగండి," అన్నాడు శాస్త్రవేత్త.

"ఈ గట్టి ప్రాణం మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"కొంత అలవాట్ల నుంచి. కొంత వంశం నుంచి. తాతల నుంచి మనవలకూ రావచ్చు."

"అయితే మనవడి సంగతి తెలియాలంటే తాత గురించి అడగాలన్నమాట."

"ఒక రకంగా అంతేనండీ."

"మరింకేం, మీ తాతయ్య గురించి చెప్పు."

"ఎనభై ఏడేళ్లు. నా దగ్గరే ఉంటారు. గుండ్రాయిలా ఉన్నారు. సొంత మనిషి కాబట్టి పరిశోధనలో చేర్చుకోవడానికి వీల్లేదు గానీ, లేకపోతే మొదటి పేరు ఆయనదే."

అంతలో తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చింది. కాళ్లకు రబ్బరు బూట్లు, చెంప మీద ఎండిన బురద.

"మా మనవరాలు. పశువుల డాక్టరు. నాతోనే ఉంటుంది," అంది పెద్దావిడ.

అమ్మాయి బూట్లు విప్పుతూ అతన్ని ఎగాదిగా చూసింది. "ఓహో, మీరేనా!" అని నవ్వింది.

ఆ నవ్వుకి శాస్త్రవేత్త కాలరు సర్దుకున్నాడు. ఇస్త్రీ చేసిన తాతయ్యకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"కోపమెక్కువా ఆయనకి?" అంది పెద్దావిడ.

అప్పుడు అర్థమైంది అతనికి. ఇంట్లో ఇంత చక్కని మనవరాలు, ఎదురుగా పెళ్లికాని కుర్రాడు, వంశం గురించి ఇన్ని ఆరాలు! ఇంత చిన్న విషయం పట్టుకోలేనివాడు జన్యువులనేం పట్టుకుంటాడు? కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కోపమా! ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదండీ."

"వంటొచ్చా?"

"వంట, గిన్నెలు కడగడం, గుండీలు కుట్టడం, అన్నీ వచ్చు. నాకూ నేర్పారు." చివరి ముక్క మనవరాలి వైపు తిరిగి చెప్పాడు.

"గురక?"

శాస్త్రవేత్త ఇరుకున పడ్డాడు. తాతయ్య గురకకు పక్కింటి కుక్క లేచి మొరుగుతుంది. ఆ వరం తనకూ వచ్చిందని స్నేహితులు చెబుతుంటారు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఒక్క అబద్ధంతో పరిశోధన పాడవుతుందని ఊరందరికీ నీతులు చెప్పేవాడు, "చంటిపిల్లాడిలా పడుకుంటారండీ" అనేశాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు, ఇది ఒక్కటేగా అని సరిపెట్టుకున్నాడు.

మనవరాలు ఫక్కున నవ్వింది. "ఇంకేం కావాలి బామ్మా నీకు?"

పెద్దావిడ కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టి, చెయ్యి చాపింది. "తీసుకో నీ రక్తం."

సూది గుచ్చుతుంటే ఆవిడ రెప్ప కూడా వేయలేదు. అతని ప్రశ్నలకు కూడా చకచకా జవాబులు చెప్పేసింది: రోజూ నడుస్తుంది, ఆకలేస్తేనే తింటుంది, ఎవరి మీద కోపమైనా మర్నాటి దాకా దాచుకోదు.

రక్తం సీసాలను ఐసు పెట్టెలో సర్దుతుంటే అతనికి ఈల వేయాలనిపించింది. కుటుంబం మొత్తం లెక్కలోకి వచ్చింది. అడగని వరం కూడా దొరికేలా ఉంది. గుమ్మం దగ్గర ధైర్యం తెచ్చుకున్నాడు.

"బామ్మగారూ, ఇవన్నీ ఎందుకడిగారో నాకు అర్థమైందండీ."

"అర్థమైందా? తెలివైనవాడివే!"

"నాకు పూర్తిగా ఇష్టమే. కాకపోతే... మీ మనవరాల్ని కూడా ఓ మాట అడిగితే బాగుంటుంది."

మనవరాలు కళ్లు పెద్దవి చేసింది. "నన్నా? నేనెప్పుడో సరేనన్నానండీ. బామ్మే తేల్చకుండా నాన్చుతోంది."

అతని కాళ్లు నేల మీద ఆనలేదు. పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అయితే మా ఇంట్లో ఏమని చెప్పమంటారు?"

పెద్దావిడ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"మీ తాతయ్యతో చెప్పు నాయనా, ఆయన్ని చేసుకోవడానికి నాకిష్టమేనని."