విమానం పెంటప్ప

"చెల్లె, నీ సంచి ఒక్కసారి ఇప్పు."

గడప ముందట నిలబడ్డ ముసలాయనను చూడంగనె ద్రౌపదికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంకో గంటల పుణె బస్సు. ఆడికెల్లి దుబాయి విమానం.

షోలాపూర్ భవాని పేట్‌ల తువాళ్ళ అంచులు కుట్టుకుంట బతికిన మనిషి. యాభై రెండేండ్లల్ల పండరిపురం తప్ప ఇంకో ఊరు చూడలె. మొగడు పోయి ఆరేండ్లు. ఇంట్ల పలకరిచ్చెతందుకు గోడలే.

బిడ్డె తృప్తి దుబాయిల నిండు చూలాలు. అత్త లేదు. అల్లునికి దినం రాత్రి డ్యూటీ. తల్లి చేరకపోతె కాన్పుల ఆ పిల్ల చెయ్యి పట్టుకునెతందుకు మనిషి లేదు.

గిసొంటి టైంల ఈయన దిగిండు.

పెంటప్పను భవాని పేట్‌ల ఎరుగనోళ్ళు లేరు. ఎవ్వలన్న పరదేశం పోతున్నరని చెవుల పడితె చాలు, వాళ్ళ గడప ముందట తేలుతడు. తను మాత్రం విమానం ఎక్కిన పాపాన పోలె. అందుకే గల్లీ అంత విమానం పెంటప్ప అంటది.

"బిడ్డె నంబరు యాదికున్నదా?"

"ఫోన్ల ఉన్నది."

"ఫోను బంద్ పడితె? కాయితం మీద రాస్కో. పాస్‌పోర్టు జిరాక్స్ జాకెట్ల పెట్టుకో. గోలీలకు డాక్టర్ చిట్టి ఉండాలె. ఎవ్వలన్న 'మౌషీ, జర ఈ బ్యాగు పట్టుకో' అంటె పట్టకు. చేతులు కట్టుకొని నిలబడు."

"అయ్యిందా?"

"కాలె. ఆ డబ్బల ఏంది?"

"డింక్ లడ్డులు, బంక ఏసి కట్టినయి. బాలెంతకు."

"ఖస్‌ఖస్ ఏసినవా?"

ద్రౌపది నవ్వింది. "గసగసాలు లేకుండ బాలెంత లడ్డు ఏడన్న ఉంటదా?"

ముసలాయన మొఖాన కత్తి వేటుకు నెత్తురు సుక్క లేదు.

"ఆడ అది నషా సామాను కింద లెక్క. జైల్ల ఏస్తరు. తీసెయ్ చెల్లె, నీ కాళ్ళు మొక్కుత."

"ఖస్‌ఖస్‌కు నషా ఎక్కుతె షోలాపూర్ బాలెంతలంత తూలుకుంట తిరుగుదురు. పో పో, నాకు పని ఉన్నది."

రిక్ష వచ్చిందేమో అని ఆమె గల్లీల తొంగి చూసి వచ్చేటాళ్ళకు డబ్బ లేదు.

పెంటప్ప డబ్బ సంకల పెట్టుకొని అశోక్ చౌక్ దిక్కు ఉరుకుతున్నడు. డెబ్బై ఏండ్ల మనిషి అట్ల ఉరకంగ ఎవ్వలు చూడలె.

"చోర్, చోర్! పట్టుకోండి!"

కార్ఖానల పనిచేసెటోళ్ళు బయటికొచ్చి పట్టుకున్నరు. అంగి చినిగింది. రెండు దెబ్బలు గూడ పడ్డయి. అప్పటికే లడ్డులన్ని మోరిల కలిసినయి.

ద్రౌపదికి ఏడుపు ఆగలె. "థూ, నీ బతుకు. బిడ్డెను కన్నోనివైతె తెలుస్తుండె నీకు."

పెంటప్ప చినిగిన అంగికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

"జల్ది పో చెల్లె, బస్సు పోతది."

రిక్ష కదులుతుంటె సాగనంపెతందుకు ఎవ్వలు లేరు. దూరంకెల్లి చెయ్యి ఊపింది ఆయనొక్కడే. ఆమె మొఖం తిప్పుకున్నది.

దుబాయిల సంచులన్ని మిషన్ల ఏసిరి. ద్రౌపది ముందట నిలబడ్డ ఆడామె సంచిలకెల్లి మసాల పొట్లం ఒకటి తీసిరి. పిడికెడంత గూడ లేదు.

"ఖస్‌ఖస్ హై?" అని అడిగిండు ఆఫీసరు.

ఆమె అవునని తలూపింది. లోపలికి తీస్కపోయిరి. ఆమె ఎనక్కి తిరిగి తిరిగి చూసుకుంట పోయింది.

ద్రౌపది సంచి మాత్రం మంచిగ అవతలికి వచ్చింది.

మూడో దినమే తృప్తికి నొప్పులొచ్చినయి. పదకొండు గంటలు తల్లి చెయ్యి ఇడవలె. మనుమరాలు పుట్టినంక ద్రౌపది ఒక్కతే బాత్రూంల పొయ్యి కడుపునిండ ఏడ్చింది. ఎవ్వలకు దండం పెట్టాల్నో ఆమెకెరుకే.

మూడు నెలలకు వాపస్ వచ్చింది. ఇంటికన్న ముందుగాల ఖజూరాలు పట్టుకొని దాజీ పేట్‌ల పెంటప్ప ఉండే ఖోలీకి పోయింది. తొవ్వ పొడుగూత ఒక్కటే మాట నేర్చుకున్నది. తప్పైంది అన్నా, మాఫ్ చెయ్యి.

తలుపుకు తాళం. ఇల్లుగలాయన నర్సయ్య బయటికొచ్చిండు.

"ఎవ్వలు గావాలె అక్కా?"

"పెంటప్ప అన్న."

"పోయి నెల దాటె."

"ఏమైంది?"

"ఏం గాలె. భవాని పేట్ దిక్కు ఎవ్వలో చోర్ అని కొట్టిపిచ్చిరట. అప్పటి సంది గడప దాటలె, బువ్వ సరిగ ముట్టలె. ఒకనాడు తలుపు తియ్యలె, గంతే."

కొట్టిపిచ్చింది తనే. ద్రౌపది ఖజూరాలను కొంగు చాటుకు జరుపుకున్నది.

"తనోళ్ళు ఎవ్వలు రాలేదా?"

"పెండ్లాం ఎన్నడో పోయింది. బిడ్డె కాన్పుకని ఆమె దుబాయి పోతె, విమానం దిగంగనె పట్టుకున్నరు. లడ్డులల్ల ఖస్‌ఖస్ దొరికిందట. జైలుకెల్లి వచ్చినంక ఏడాది గూడ బతకలె."

"మరి బిడ్డె?"

"ఉన్నది. ఫోన్ చేసినం, ఎత్తలె. తండ్రితోని మాటలు బందై పన్నెండేండ్లు."

"అండ్ల ఆయన తప్పేమున్నది?"

నర్సయ్య తలుపుకున్న తాళం సరిజేసిండు.

"పెండ్లాందేమో బీడీలు చుట్టే చెయ్యి. బాలెంత తినేదానికి తంబాకు వాసనొస్తదని, ఆ లడ్డులు పెంటప్పనే కట్టిండట."