పెద్దనాన్న గదిలో బల్బు

“ఆధార్ కార్డు ఫొటో తీసుకుంటాను. ఏమీ అనుకోకండి,” అంది నీహారిక.

“తీస్కోండి మేడం. నాకు సుత ఇద్దరు మనవరాండ్లున్నరు. జమానా గట్ల ఉంది,” అంటూ తుకారాం కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

అరవై దాటిన మనిషి. మౌలాలి రైల్వే కాలనీలో ఉంటాడు. ముప్ఫై ఏళ్లు రైలు పెట్టెల్లో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. నీహారిక ఆఫీసులో పనిచేసే మార్త ఇతని సంగతి చెప్పింది. “మా ఇంటి తాళాలు ఆయన చేతిలో పెట్టి ఊరెళ్తాను,” అని మార్త పూచీ పడ్డా, నీహారిక ఊరుకోక ఇంకో ఇద్దరిని విచారించింది.

అంత విచారణ దేనికంటే, పని ఆమె ఇంట్లో కాదు. పద్మారావు నగర్లో ఒంటరిగా ఉంటున్న పెద్దనాన్న రామభద్రరావు ఇంట్లో. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాక నీటికాసులతో రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. అయినా ఆ పాత ఇంట్లో గోడలు తడుముకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ దర్జాగా తిరుగుతాడు. అల్వాల్ వచ్చి తన దగ్గర ఉండమంటే, “నీ ఇంట్లో నేను గుడ్డివాణ్ణమ్మా, ఇక్కడ కాదు,” అంటాడు. కానీ ఆయనకు అక్కడ భద్రత లేదని తేలితే మాత్రం, ఏడ్చినా మొత్తుకున్నా తీసుకెళ్లక తప్పదు.

గొడవల్లా ఆయన పడగ్గదిలో బల్బుతోనే. రెండు నెలలుగా వారం తిరక్కుండా పోతోంది. పోయినప్పుడల్లా పక్కవీధి ఎలక్ట్రీషియన్ జయకృష్ణ వచ్చి బాగుచేసి వెళ్తున్నాడు. “సార్, మీ గదిలో లైటు వెలగట్లేదు” అని అతనే చెప్పి, అతనే బిగించి పోతున్నాడని నీహారిక అనుమానం. ఆ వంకతో ఇల్లంతా చూసిపెట్టుకుంటున్నాడేమోనని భయం. చూపు లేని మనిషిని మాయ చెయ్యడం ఎంతసేపు?

“అసలు మీకు లైటెందుకు పెద్దనాన్నా?” అని ఒకరోజు అడిగేసి, వెంటనే నాలిక్కరుచుకుంది.

ఆయన నొచ్చుకోలేదు. “సందెవేళ ఇల్లు చీకటిగా ఉండకూడదమ్మా. మీ నానమ్మ అనేది కాదూ?”

అదీ నిజమే. “సరే, నమ్మకమైన మనిషిని వెతుకుతాను.”

“నమ్మకం సంగతలా ఉంచు. పిలవగానే వచ్చేవాణ్ణి చూడు,” అన్నాడాయన.

చాదస్తం అనుకుంది నీహారిక.

తుకారాం ఆ ఇంటికి వెళ్లిన సాయంత్రమే ఫోన్ చేశాడు. “మేడం, వైరింగ్ మంచిగుంది. బల్బు సుత మాడలే. ఎవరో ఊడదీసిన్రు.”

“వదులై ఊడిందేమో?”

“పిన్నుల బల్బు మేడం. దానంతట అది ఊడదు. నొక్కి తిప్పాలె. పాత ఇల్లు, కప్పు బాగ ఎత్తుంది. నాకే నిచ్చెన ఎక్కితే గాని అందలే.”

నీహారికకు ఒళ్లు మండిపోయింది. జయకృష్ణకు ఫోన్ చేసి, ఇంకోసారి ఆ గడప తొక్కితే మర్యాదగా ఉండదని చెప్పింది. “మేడం, సార్ పిలిస్తేనే నేను...” అని అతనేదో అనబోతుంటే పెట్టేసింది. అక్కడితో ఆగలేదు. తుకారాం చేతనే వీధి తలుపుకు కొత్త తాళం వేయించింది. తాళంచెవులు రెండే, ఒకటి పెద్దనాన్నకు, ఒకటి తనకు. బల్బు చుట్టూ ఇనుప జాలీ బిగించి, స్క్రూల తలల మీద రంగు పూయమంది. ఎవరు విప్పినా రంగు లేచి తెలిసిపోతుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, తను అనుమానపడబట్టే పెద్దనాన్న గట్టెక్కాడనుకుంది.

ఐదో రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. “అమ్మాయ్, లైటు పోయింది. తుకారాంను పంపించు.” నిద్రపోతున్నవాళ్లు లేస్తారేమో అన్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

తుకారాంకు కబురు చెప్పి, తనూ ఆఫీసు నుంచి ఆటో ఎక్కింది. చేరేసరికి అతను నిచ్చెన పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

“బిగించారా?”

“లే మేడం. టార్చి ఏసి చూసిన. జాలీ గట్లనే ఉంది. స్క్రూల రంగు సుత లేవలే. లోపట బల్బు మాత్రం ఊడి పడుంది.”

“అదెలా కుదురుతుంది?”

“నాకు సమజైతలేదు. ముప్ఫై ఏండ్ల సర్వీసుల ఇసొంటిది చూడలే.” అతను ఇంటివైపు చూడకుండా గొంతు తగ్గించాడు. “ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. జయకృష్ణ ఇప్పుడు వస్తలేడు. ఇంట్ల ఇంకెవ్వరు లేరు. మరి లైటు పోయిందని సార్‌కు ఎట్ల ఎరుకైంది?”

నీహారికకు భయం వేసింది. అంతకుముందు ఆ ఇంట్లో ఆమెకు ఎన్నడూ భయం వెయ్యలేదు.

పడగ్గదిలో చీకటి పడుతోంది. రామభద్రరావు మంచం మీద ఒక మూలకు జరిగి, గోడకు అతుక్కుని, మోకాళ్లు దగ్గరకు తీసుకుని కూర్చున్నాడు. మిగతా మంచమంతా ఖాళీగా ఉంది.

“పెద్దనాన్నా, లైటు పోయిందని మీకెలా తెలుస్తోంది?”

“చెబితే నన్నిక ఈ ఇంట్లో ఉండనివ్వవు.”

“ఉండనిస్తాను. చెప్పండి.”

ఆయన చెయ్యి చాచి ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని, గట్టిగా తన వైపుకు లాక్కున్నాడు.

“లైటు పోగానే, ఎవరో వచ్చి నా పక్కన కూర్చుంటారమ్మా.”