పెచ్చులూడిన కారు

అల్లుడు కారు గీరాడు. అందులో సందేహం లేదు. ఎక్కడ గీరాడన్నదే తేలాలి.

మామగారు చెల్లెలింటి నుంచి ఒకరోజు ముందే ఊడిపడ్డారు. చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు. కారు షెడ్డు తలుపు సగం దించి ఉంది. మిట్టమధ్యాహ్నం తలుపు దించుకుని చేసే పని ఏముంటుంది? వంగి చూశారు.

తెల్ల కారు ముందు అల్లుడు గొంతుకూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో సన్నటి కుంచె, ఇంకో చేతిలో గోళ్ళ రంగు సీసా లాంటి బుల్లి సీసా. ఫోనులో ఏదో బొమ్మను పెద్దది చేసుకుని చూస్తున్నాడు. కారు మీద ఒక చుక్క పెడుతున్నాడు. వెనక్కి జరిగి, తల వాల్చి చూసుకుని, మళ్ళీ ఫోను చూస్తున్నాడు.

“ఏం చేస్తున్నావు అల్లుడూ?”

సీసా జేబులోకి వెళ్ళిపోయింది. “దుమ్ము తుడుస్తున్నాను మామయ్యగారూ.”

“కుంచెతోనా?”

“సందుల్లో దుమ్మండీ.”

అతని వేళ్ళకి తుప్పు రంగు అంటుకుని ఉంది. ఓహో, గీకుతున్నాడన్నమాట. ఎక్కడో తగిలించి, తుప్పు గీకి, పైన రంగు పూసి, ఏమీ ఎరగనట్టు బండి అప్పజెబుదామని.

మామగారికి ఆ కారంటే ప్రాణం. జీవితమంతా ఉద్యోగం చేసి తనకంటూ కొనుక్కున్నది అదొక్కటే. కూతురి పోరు పడలేక నాలుగు రోజులు అల్లుడి చేతికిచ్చి వెళ్ళారు. ఆ నాలుగు రోజులూ చెల్లెలింట్లో అన్నం సయించలేదు.

ఇంట్లో పంచాయితీ మొదలైంది.

“నాన్నా, నీకెప్పుడూ ఈయన మీద అనుమానమే,” అంది కూతురు. “సరే, పందెం. కొత్త పెచ్చు ఒక్కటి చూపించు. ఈయన ఇక జన్మలో నీ కారు ముట్టడు. చూపించలేకపోతే మాత్రం ఆదివారాలు కారు మాది. పైగా అందరి ముందూ తప్పయిందని చెప్పాలి.”

“ఇప్పుడు అంత అవసరమా?” అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

“చూశావా, నోరు తడారిపోతోంది,” అన్నారు మామగారు. ఆయన అప్పటికే పేపరు చదివే భూతద్దం తీసుకున్నారు.

“చేత్తో ముట్టకండి మామయ్యగారూ. పాలిష్ పెట్టాను, ఆరలేదు. కళ్ళతో చూడండి చాలు.”

ఏ పెచ్చు ఎక్కడుందో మామగారికి కంఠతా వచ్చు. సొంత ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా ఆయనకి అంత బాగా తెలియవు. బానెట్ మీద మూడు చుక్కలు, కంకర లారీ వెనక వెళ్ళినందుకు మిగిలినవి. ఉన్నాయి. డ్రైవరు తలుపు అంచున చిక్కుడుగింజంత పెచ్చు. ఉంది. డిక్కీ మీద నెలవంక, భార్య నీళ్ళ క్యాను ఆనించిన చోటు. దాని గురించి మొగుడూ పెళ్ళాలు వారం రోజులు మాట్లాడుకోలేదు. అదీ ఉంది. చివరికి ఆయనే స్తంభానికి రాసి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న గీత కూడా బంపరు కింద బుద్ధిగా ఉంది.

కొత్తది మాత్రం ఒక్కటీ లేదు.

టార్చి తెప్పించారు. చాప వేయించుకుని కారు కిందికి దూరారు. బయటికి రావడానికి మళ్ళీ ఇద్దరు కాళ్ళు పట్టి లాగాల్సి వచ్చింది.

“అయిందా తమరి దర్యాప్తు?” అంది భార్య.

కాలేదు. లోపల కూర్చుని తాళం తిప్పారు. ఎన్నడూ లేంది, ఒక్క తిప్పుకే బండి స్టార్టయింది. ఏళ్ళ తరబడి సగంలో ఆగిపోయే అద్దం పైదాకా వెళ్ళింది.

“సర్వీసింగ్ చేయించాను,” అన్నాడు అల్లుడు, అడక్కుండానే.

తప్పు చేయనివాడు ఇంత సేవ చేస్తాడా అని మామగారి మనసు పీకుతూనే ఉంది. కానీ మనసు పీకినంత మాత్రాన పెచ్చు ఊడదు కదా. ఇంకోసారి చుట్టూ తిరిగారు. భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు.

“తప్పయింది అల్లుడూ,” అన్నారు నేల చూపులు చూస్తూ. “ఆదివారాలు నువ్వే తీసుకెళ్ళు. నాకన్నా నువ్వే దీన్ని బాగా చూసుకున్నావు.”

“అయ్యో, పెద్దవారు, అంత మాటెందుకండీ,” అన్నాడు అల్లుడు. పెళ్ళయిన తరువాత అతను ఆ ఇంట్లో గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం అదే మొదటిసారి.

మామగారు కారు వెనక్కి వెళ్ళారు. “ఎన్ని పెచ్చులూడినా ఇది నా బంగారం,” అంటూ డిక్కీ మీది నెలవంకని బొటనవేలితో ఆప్యాయంగా నిమిరారు.

నెలవంక వేలికి అంటుకుని వచ్చేసింది.

దాని కింద తెల్లరంగు, గుంట లేదు, గీత లేదు, మీగడలా నున్నగా ఉంది. మామగారు వేలి వంక చూసుకున్నారు. బానెట్ దగ్గరికెళ్ళి కంకర చుక్కని గోటితో గీకారు. అదీ ఊడొచ్చింది. రెండోదీ, మూడోదీ ఊడొచ్చాయి.

కూతురికి ఉన్నట్టుండి లోపల ఏదో పని గుర్తొచ్చింది.

“పోనీలెండి మామయ్యగారూ,” అన్నాడు అల్లుడు, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, “ఇది మీ కారు కంటే రెండేళ్ళు చిన్నది.”