మాట వినని కుక్క

"నేనుండగా నీకు దారి చూపడానికి కుక్కెందుకే?" అన్నాడు అన్నయ్య. చూపులేని చెల్లెల్నని నన్ను గడప దాటనివ్వని మహానుభావుడు మరి!

దారిచూపే కుక్కల శిక్షణ కేంద్రంలో ముందు తనే పరీక్షిస్తానని కళ్ళకు గంతలు కట్టించుకున్నాడు. కుక్క పట్టీ పట్టుకుని, "నడు!" అని దర్జాగా హుకుం జారీ చేశాడు. కుక్క అతని కాళ్ళకు అడ్డంగా నిలబడిపోయిందట. అన్నయ్య అరుపులు మాత్రం నాకు బాగానే వినిపించాయి.

"మాట వినని కుక్క! ఇదేం శిక్షణమ్మా?"

"గంతలు విప్పి చూడండి సార్," అంది శిక్షకురాలు. "ఇంకో అడుగేస్తే మెట్ల మీంచి దొర్లేవారు. ప్రమాదమనిపిస్తే ఎవరి మాటా వినొద్దనే నేర్పాం."

దొరగారి పరువు మాత్రం ఆ మెట్ల మీంచి దొర్లనే దొర్లింది.

"పొగరుబోతు కుక్క! మనకొద్దు. పదవే ఇంటికి!"

పట్టీ నేనందుకున్నాను.

"పదవే అంటే!"

కుక్కా కదల్లేదు, నేనూ కదల్లేదు.