నీలిగుడ్డ పలక

"పలకకి పరుపు కుడతా ఉండావా, పంకజం?" గుమ్మంలో నిలబడి అడిగింది పక్కింటి చిన్నమ్మాళ్.

పంకజవల్లి తల ఎత్తలేదు. ద్రాక్షసారా పెట్టె మూత మీద ఏకిన దూది పరిచి, మిల్లు నీలిగుడ్డ కప్పి, దాన్ని బోర్లా తిప్పి, గుడ్డ అంచులు వెనక్కు లాగి చిన్న మేకులు దిగగొడుతోంది. ఆమె కుట్టుపని నేర్పడానికి వెళ్ళే దొరసాని ఇంట్లో ఇలాంటి పలక ఒకటి ఉంది. వచ్చిన ఉత్తరాలను గుండుసూదులతో దానికి గుచ్చి, గోడకు వేలాడదీస్తారు.

"కాగితాలు గుచ్చేదానికి, అక్కా."

"కాగితాలకి ఇంత మెత్తన కావాల్నా? మా ఆయనకి ఈతచాపే గతి."

నవ్వి, చిన్నమ్మాళ్ వచ్చిన పని చెప్పింది. పక్క వీధిలో పోలీసులు దిగారట. విల్లియనూరు రంగనాథన్ని కూడా వెంట తెచ్చారట. ఆయన కచేరీలో దుబాసీ. అక్కడ తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఆయన ఒక్కడే.

పంకజవల్లి చేతిలో సుత్తి ఆగింది.

ఇంట్లో అందరిదీ తెలుగు మాటే అయినా ఆమెకు వచ్చింది అరవ అక్షరం మాత్రమే. తెలుగు చదవగలిగిన భర్త త్యాగరాజన్ ఉద్యోగం పని మీద కారైకాల్ వెళ్ళి నెల కావస్తోంది. వెళ్ళే ముందు అతను ఒక ఉత్తరాల కట్టను పెట్టెలో దాచాడు. అది ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి తప్పించుకొని వచ్చి ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోని ఈ ఊళ్ళో తలదాచుకున్న అనంతరామన్‌ది. అందులో అతని సహచరుల పేర్లున్నాయి. అది పోలీసుల చేతిలో పడితే సరిహద్దుకు అవతల ఆ మనుషులు జైలుకు పోతారు. ఇవతల అనంతరామన్‌కు నిలువ నీడ ఉండదు. కాల్చవద్దనీ, శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తీసుకుంటాననీ అతను కబురు పంపాడు. ఆ రోజు శుక్రవారమే.

తాను చదవలేనిదాన్ని తాను కాపాడుతున్నానని ఆమెకు చాలాసార్లు అనిపించింది. చదివి తెలుసుకున్నాక కాపాడటంలో నమ్మకానికి చోటెక్కడ అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

పెట్టెలో రెండు కట్టలున్నాయి. రెండోది రెండేళ్ళ కిందట పోయిన అత్తగారికి ఆమె పుట్టింటివారు రాసినది. ఏది ఎవరిదో పంకజవల్లి కాగితం చూసి పోల్చుకుంది. నలిగి, నూనె మరకలు పడినవి వంటింట్లో బతికిన అత్తగారివి. మడత చెదరక, శుభ్రంగా ఉన్నవి చదువుకున్నవాడివి. ఆ శుభ్రమైన కట్ట ఇప్పుడు దూదికీ చెక్కకూ మధ్య ఉంది.

చిన్నమ్మాళ్ వెళ్ళిపోగానే మిగిలిన మేకులు కొట్టి, పలకను గోడకు తగిలించింది. ఖాళీ పలకను చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని నూనె మరకల ఉత్తరాలు తొమ్మిదింటినీ విప్పి, వరుసగా దాని మీద గుచ్చింది.

వాళ్ళు రానే వచ్చారు. ఇద్దరు జవాన్లు పెట్టె బోర్లించారు, బియ్యం కుండలో చెయ్యి పెట్టి కలియబెట్టారు. వాళ్ళ అధికారి దొర వచ్చి పలకను బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇంత మెత్తగా ఉండేది ఏందని దొర అడగతా ఉండాడు," అన్నాడు రంగనాథన్.

"దూది, అయ్యా. సూది దిగేదానికి. పోయిన మా అత్తకి వచ్చిన ఉత్తరాలు."

దొర ఒక సూది పీకి మళ్ళీ గుచ్చాడు. అది సుఖంగా దిగింది. తన ఇంట్లోనూ ఇటువంటిది ఉన్నదేమో, చిన్నగా నవ్వాడు. ఉత్తరాలు చదవమని రంగనాథన్‌కు సైగ చేసి తాను కుర్చీలో కూర్చున్నాడు.

రంగనాథన్ కళ్ళద్దాలు సవరించుకొని మొదటి ఉత్తరం చదివాడు. రెండోది చదివాడు. నాలుగోదానికి వచ్చేసరికి మంచినీళ్ళు అడిగాడు. సగం చెంబు తాగి, తొమ్మిదీ పూర్తిచేసి, దొరతో వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు.

"ఊరగాయలు, కాన్పులు, కవల పిల్లకాయలకి పేరు పెట్టింది. ఇదే రాసుండాదని చెప్పినాను. అంతే కదా, తల్లీ?"

"అంతే, అయ్యా."

ఆ కవలలు ఎవరో ఆమెకు తెలియదు; అత్తగారి పుట్టిల్లు పెద్దది, తాను కాపురానికి రాకముందు పుట్టినవాళ్ళై ఉంటారు. అబద్ధం ఆడక తప్పదనుకున్న రోజున నిజమే చెప్పి గట్టెక్కడం ఆమెకు వింతగా తోచింది.

దొర, జవాన్లు వీధిలోకి దిగారు. రంగనాథన్ మాత్రం గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"పోయినోళ్ళ ఉత్తరాలు ఇట్ట గోడకి పెట్టరాదు. ఈపొద్దే తీసెయ్."

పెద్దలంటే ఎంత గౌరవమో అనుకొని ఆమె తల ఊపింది. అడుగుల చప్పుడు దూరమయ్యాక జవాన్లు బోర్లించిన పెట్టెను సరిచేసి పెట్టింది. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం అనంతరామన్ వచ్చాడు. జరిగినదంతా చెబుతూనే ఆమె పలకను దించి బోర్లా పెట్టి, మేకులు ఊడదీసి, దూది కింది కట్టను అతని చేతిలో పెట్టింది.

అతను మొదటి కాగితం విప్పాడు. "నిమ్మకాయ ఊరగాయలో ఈసారి ఉప్పు చాలలేదు," అని మెల్లగా పైకి చదివాడు. రెండోది విప్పి, చదవకుండానే మడిచాడు. పలకను వెల్లకిలా తిప్పి, చాలాసేపు చూశాడు.

"వీటిని రంగనాథన్ చదివాడా?"

"ఒక్కటి కూడా వదల్లేదు, అన్నా."

అతను పలక మీది సూదులు ఒక్కొక్కటే పీకసాగాడు.

"అమ్మా, గుచ్చినవే నావి."